82 కాదు, 88: క్యాథీ విట్‌వర్త్ పేరు కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

గోల్ఫ్ రికార్డుల ప్రస్తావన వచ్చినప్పుడల్లా క్రీడా పేజీల్లో ఒకే మాట కనిపిస్తుంది. అమెరికా గోల్ఫ్‌లో అత్యధిక విజయాలు 82, అవి శామ్ స్నీడ్, టైగర్ వుడ్స్ పేరిట ఉన్నాయి అని. పురుషుల పీజీఏ టూర్ వరకైతే నిజమే, 2019 అక్టోబరులో జపాన్‌లో గెలిచి టైగర్ ఆ అంకెను అందుకున్నాడు. కానీ అదే దేశంలో, అదే ఆటలో క్యాథీ విట్‌వర్త్ అనే ఆవిడ 88 టోర్నీలు గెలిచారు. ఆడవాళ్ల ఎల్‌పీజీఏ టూర్, మగవాళ్ల టూర్ రెండూ కలిపి చూసినా అన్ని గెలిచినవాళ్లు మరొకరు లేరు. ఇంత పెద్ద అంకె వార్తలో ఒక్క వాక్యానికి కూడా నోచుకోకపోవడం నాకు చాలా బాధగా ఉంది.

ఆవిడ టెక్సాస్‌లో 1939లో పుట్టి, న్యూ మెక్సికోలోని జాల్ అనే చిన్న ఊళ్లో పెరిగారు. నాన్నది హార్డ్‌వేర్ కొట్టు. గోల్ఫ్ కర్ర పట్టుకున్నదే 15 ఏళ్లకు, అంటే ఇప్పటి లెక్కన చాలా ఆలస్యం, అయినా 1957, 58ల్లో వరసగా రాష్ట్ర అమెచ్యూర్ టైటిల్ కొట్టేసి 1958 చివర్లో ప్రొఫెషనల్ అయిపోయారు. ఖర్చులకు నాన్న, ఊళ్లో కొందరు వ్యాపారులు కలిసి డబ్బు సర్దారు. మొదటి సీజన్ మొత్తానికి ఆవిడకు వచ్చింది 1,217 డాలర్లు! తొలి టైటిల్ కోసం 1962 దాకా ఆగాల్సి వచ్చింది. అప్పట్లో ఎల్‌పీజీఏ అంటే ఇప్పటిలా కాదు, 1950లో 13 మంది ఆడవాళ్లు పెట్టుకున్న సంస్థ, కార్లలో ఊరి నుంచి ఊరికి డ్రైవ్ చేసుకుంటూ వెళ్లి ఆడేవాళ్లు, నిర్వహణ పనులూ వాళ్లే చూసుకునేవాళ్లు.

ఒకసారి గెలవడం మొదలెట్టాక మాత్రం ఆగలేదు. 1962 నుంచి 1978 వరకు వరసగా 17 ఏళ్లు, ప్రతి ఏడాదీ కనీసం ఒక్క టోర్నీ అయినా గెలిచారు. 1968లో ఒక్క ఏడాదే పది. ఏడుసార్లు ప్లేయర్ ఆఫ్ ద ఇయర్. నన్నడిగితే 88 కన్నా ఈ 17 ఏళ్లే గొప్ప, ఎందుకంటే గోల్ఫ్‌లో పోయిన వారం గెలిచినవాళ్లు ఈ వారం కట్ కూడా దాటలేకపోవడం, అంటే మొదటి రౌండ్ల స్కోరు సరిపోక టోర్నీ మధ్యలోనే బయటికి పోవడం మామూలే. స్వింగ్ (బంతిని కొట్టే తీరు) అందం అంటే అందరూ అదే టూర్‌లో ఆడిన మిక్కీ రైట్ పేరే చెబుతారు, అందులో తప్పేం లేదు, ఆమెకు 13 మేజర్లు (అన్నిటికన్నా పెద్ద టోర్నీలు), క్యాథీకి ఆరే. కానీ టెన్షన్ ఉన్నచోట పట్ వేయాల్సి వస్తే, అంటే బంతిని మెల్లగా దొర్లించి గుంటలో వేయాల్సి వస్తే, క్యాథీని మించినవాళ్లు అరుదు. మిక్కీ రైట్ 82 విజయాల రికార్డును 1982లో దాటేసింది కూడా ఈవిడే.

ఒక్క లోటు ఉండిపోయింది, మేజర్లలో ఒకటైన యూఎస్ విమెన్స్ ఓపెన్ ఎప్పుడూ చేతికి రాలేదు. 1981లో అందులో మూడో స్థానం దక్కింది, ఆ చెక్కుతోనే కెరీర్ సంపాదన పది లక్షల డాలర్లు దాటింది. ఎల్‌పీజీఏలో అంత సంపాదించిన మొదటి క్రీడాకారిణి ఆవిడే. చివరి విజయం 1985లో. ఇన్నేళ్ల ఆటకు మొత్తం ప్రైజ్‌మనీ సుమారు 17 లక్షల డాలర్లు. 2024లో అదే యూఎస్ విమెన్స్ ఓపెన్ గెలిచిన యూకా సాసోకు ఒక్క వారానికి 24 లక్షల డాలర్లు వచ్చాయి. ఇప్పటి అమ్మాయిలకు అంత డబ్బు రావడం నాకెంతో సంతోషం. కానీ ఈ టూర్‌ని కొద్దిపాటి ఆదాయంతో నిలబెట్టినవాళ్ల పేరైనా పాఠకులకు తెలియాలి కదా. క్యాథీ 2022 డిసెంబర్ 24న, 83 ఏళ్ల వయసులో చనిపోయారు.

నేను అడిగేది పెద్ద పనేం కాదు. 82 గురించి రాసేటప్పుడు "పీజీఏ టూర్‌లో" అనే మాట తప్పకుండా పెట్టండి, దాని పక్కనే క్యాథీ విట్‌వర్త్ 88 కూడా రాయండి. టైగర్ ఎప్పుడైనా 83వది గెలిస్తే పట్టికలో ఆవిడ పేరు పైన ఉంచండి, ఇంకా ఐదు తేడా ఉంటుంది.

ఇట్లు,
గోల్ఫ్ ఇష్టపడే మీ పాఠకురాలు