క్లిక్కులు కొట్టించమనే సలహా కొంప ముంచుతుంది

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ పేపర్లో ఇంట్లో కూర్చుని బ్లాగుతో సంపాదించడం గురించి వచ్చిన వ్యాసం రెండుసార్లు చదివాను. ఆదాయం తగ్గితే బంధువులకు, స్నేహితులకు లింకు పంపి ప్రకటనల మీద క్లిక్కులు కొట్టించుకోమన్నారు అందులో. ఆ పని మా ఇంట్లో జరిగింది కాబట్టి ఈ ఉత్తరం.

నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్టులో 22 ఏళ్లు గుమస్తాగా చేశాను. మానేశాక, 2019 నుంచి మిర్చి ధరలు, సాగు మీద తెలుగులో బ్లాగు రాస్తున్నాను. లక్షలేం రావు. బ్లాగులో ప్రకటనలు చూపించి డబ్బిచ్చే గూగుల్ వాళ్ల యాడ్‌సెన్స్ ఖాతాలో 100 డాలర్లు పోగైతేగానీ డబ్బు బ్యాంకులో పడదు. నాకు అవి పోగవడానికి రెండు మూడు నెలలు పడుతుంది. మా ఆవిడ దాన్ని 'మీ అమెరికా పింఛను' అంటుంది.

పోయిన నవంబరులో నా పేజీలు 61 వేల సార్లు చూశారు, 49 డాలర్లు వచ్చాయి. జనవరిలో కొత్త కాయ యార్డుకు రావడం మొదలై చూపులు 68 వేలకు పెరిగాయి. వచ్చింది మాత్రం 31. సైటుకేదో తెగులు పట్టిందనుకున్నాను. వెయ్యి చూపులకు ఎంత పడిందో లెక్కేస్తే నవంబరులో 80 సెంట్లు, జనవరిలో 46. సరుకు పెరిగింది, రేటు పడిపోయింది, అంతే! ప్రకటనల చోటు కూడా వేలంలోనే అమ్ముడుపోతుంది. దసరా, దీపావళి నుంచి డిసెంబరు ఆఖరు దాకా కంపెనీలు డబ్బు కుమ్మరిస్తాయి, జనవరి రాగానే చేయి ముడుచుకుంటాయి. కొనేవాళ్లు పలచబడిన రోజు యార్డులో ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) దిగితే ఏం లాభం? ఇన్నేళ్లు కళ్లతో చూసిన సంగతే, నా సొంత లెక్క దగ్గరికొచ్చేసరికి తట్టలేదు.

కంగారులో ప్రతి రెండు పేరాలకూ ఒక ప్రకటన ఇరికించాను. వారం తిరక్కుండా ప్రత్తిపాడు వైపు రైతొకాయన ఫోన్ చేసి, "బాబాయ్, తేజ మిర్చి రేటు ఎక్కడుందో కనపడి చావట్లా, ఎంత కిందికి జరిపినా లోను యాప్ బొమ్మే వస్తంది" అన్నాడు. పొలం గట్టు మీద, పాత ఫోన్లో, అరకొర సిగ్నల్‌తో చూసేవాళ్లు వాళ్లంతా. పేజీ తెరుచుకునేలోపే విసుగొచ్చి పోయేవాళ్లు. ఆ తర్వాత ఒక కుర్రాడు మూడు వేలిస్తే 50 వేల మంది చూసేట్టు చేస్తానన్నాడు. ఇచ్చాను. చూపులైతే వచ్చాయి, మనుషులు రాలేదు. అదే నెలలో మా మనవడు 'తాతకి సాయం' అంటూ కాలేజీ స్నేహితుల చేత తలా పది క్లిక్కులు కొట్టించాడు. నెలాఖరు లెక్కలో 'చెల్లని ట్రాఫిక్', అంటే నిజమైన పాఠకులవి కాని చూపులు, క్లిక్కులు, పేరుతో 19 డాలర్లు కోసేశారు. కొన్నాళ్లపాటు ప్రకటనలు రావడమే తగ్గించేశారు. ఖాతా మూయలేదు, అదే పదివేలు.

పైగా 2024 మొదట్లోనే యాడ్‌సెన్స్ క్లిక్కుకింత అని ఇచ్చే పద్ధతి మాని, ప్రకటన కనపడిన లెక్కన ఇవ్వడం మొదలుపెట్టింది. మీ వ్యాసకర్తకు ఆ సంగతి తెలిసినట్టు లేదు.

నా బండి మళ్లీ గాడిన పడింది చిన్న చిన్న పనులతోనే. ధరల పట్టిక పేజీ పైనే ఉంచి, మూడే ప్రకటనలు కింద పెట్టాను. ఫొటోల బరువు తగ్గించాను. రోజువారీ ధర చూసేవాడు పది సెకన్లు కూడా ఆగడు, మర్నాటికి ఆ పేజీ చద్దిదే. అదే 2021లో నల్ల తామర పురుగు తోటలు తినేసినప్పుడు రాసిన వ్యాసాన్ని ఇప్పటికీ వెతుక్కుంటూ వస్తున్నారు. అందుకని నారు, ఎరువులు, కాయ ఎండబెట్టడం, తాలు ఏరడం మీద నిదానంగా రాయడం పెంచాను.

అన్నిటికంటే నన్ను ఆశ్చర్యపరిచింది ఆవకాయ. ఏ దేశం నుంచి ఎంత వస్తోందో చూపించే నివేదిక ఉంటుంది, ఐదేళ్లు దాన్ని తెరిచిన పాపాన పోలేదు. తెరిచి చూస్తే అమెరికాలో ఉన్న మనవాళ్లు వెయ్యిసార్లు చూస్తే వచ్చేది, ఇక్కడి వెయ్యి చూపులకు వచ్చేదానికి ఎన్నో రెట్లుంది. అక్కడి ప్రకటనకర్తలు పాడే పాట అలాంటిది. సరే అని, తేజ మిర్చి ఘాటు ఎంత, బ్యాడిగి మిర్చి రంగు ఎంత, ఆవకాయ కారానికి ఏది ఎంత పాళ్లలో కలపాలో ఒక వ్యాసం రాశాను. కొలతలు మా ఆవిడవి. అంతకుముందు నెల మొత్తం ధరల పేజీ తెచ్చినదాని కంటే ఆ ఒక్క వ్యాసమే ఎక్కువ తెచ్చింది. పింఛనులో తన వాటా ఎంతో చెప్పమంటోంది ఇప్పుడు.

లాం రోడ్డులో ఒక నర్సరీ ఆయన నేరుగా నెలకు రెండు వేలిచ్చి తన ప్రకటన పెట్టించుకుంటున్నాడు. ఆ డబ్బు జనవరిలోనూ తగ్గదు.

దయచేసి క్లిక్కుల సలహాను సవరిస్తూ ఒక ముక్క వేయండి. మా వీధిలోనే ఇద్దరు డిగ్రీ పిల్లలు ఆ వ్యాసం కత్తిరించి దాచుకున్నారు. వాళ్లకు నేను చెప్పాను. మిగతా ఊళ్లలో పిల్లలకు మీరే చెప్పాలి.

ఇట్లు,
మిర్చి యార్డు మాజీ గుమస్తా,
పట్టాభిపురం, గుంటూరు