అమ్మాయి కాలేజీకి బయల్దేరే ముందు

ఒరేయ్,

నీ ఉత్తరం అందింది. మూడొంతులు సామాను లిస్టే. దుప్పట్లు, బకెట్టు, తాళాలు, ఎక్స్‌టెన్షన్ బాక్స్... ఏది మర్చిపోయినా అక్కడే కొనుక్కుంటుందిరా. నువ్వు రాయని సంగతి చెల్లెమ్మ ఫోన్లో చెప్పింది. ఇంట్లో రోజూ గొడవలేనట. అమ్మాయి చిన్న మాటకే విరుచుకుపడుతోందట, "కొన్నాళ్లు ఓపిక పట్టండి, తర్వాత నా గోల ఉండదు" అందట. నువ్వేమో ముఖం మాడ్చుకుని తిరుగుతున్నావట.

అంతగా నొచ్చుకోకు. ఇల్లు వదిలే ముందు చాలామంది పిల్లలు ఇలాగే ఉంటారు. మావాడూ అంతే. లోపల భయం, పైకి చెప్పుకోలేరు. కాస్త కోపం తెచ్చుకుంటే గానీ గడప దాటడానికి కాళ్లు రావు. ఆ గొడవల్లో నువ్వు గెలిచి సాధించేదేమీ లేదు.

నన్నడిగితే సామాను సర్దడం కంటే ముఖ్యమైంది నువ్వు చేసిపెట్టే పనులు ఇప్పుడే మానెయ్యడం. ముందుగా పొద్దున్నే లేపడం మానెయ్. లేవకపోతే బద్ధకమని తిట్టకు, ఈ వయసులో నిద్ర పట్టే వేళ, మెలకువ వచ్చే వేళ సహజంగానే ఆలస్యమవుతాయి. 18 ఏళ్ల వరకూ 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని డాక్టర్లే అంటారు. కానీ అలారం పెట్టుకోవాల్సింది తనే, క్లాసు పోతే పోగొట్టుకునేదీ తనే. నెల ఖర్చు మొత్తం ఒకేసారి చేతికివ్వు. ఇరవయ్యో తారీకుకే అయిపోయిందంటే జాలిపడి మళ్లీ ఇవ్వకు. ఆ ఇబ్బందేదో మీ కళ్ల ముందు పడటమే నయం. ఓటీపీ ఎవరడిగినా చెప్పకూడదని మాత్రం విసుక్కున్నా సరే మళ్లీ మళ్లీ చెప్పు. కాలేజీ ఆఫీసుకి ఫోన్ చేయాల్సివస్తే తననే చేయనీ. ఈ పిల్లలు మెసేజ్‌లు ఎన్నైనా పెడతారు, తెలియని మనిషితో రెండు నిమిషాలు మాట్లాడమంటే మాత్రం వణుకుతారు.

జ్వరం సంగతి కూర్చోబెట్టి చెప్పాలి. పారాసెటమాల్ 500 మిల్లీగ్రాముల బిళ్ల వేసుకుంటే మళ్లీ వేసుకునేలోపు కనీసం 4 గంటలు ఆగాలి, పెద్దవాళ్లయినా 24 గంటల్లో 8 బిళ్లలు దాటకూడదు. చాలా జలుబు మందుల్లోనూ అదే ఉంటుంది, తెలియక రెండూ కలిపి వేసుకుంటే లివర్‌కి ప్రమాదం. అట్టమీద చదవడం అలవాటు చెయ్. బ్లడ్ గ్రూపు, పడని మందులు, వేసిన టీకాలు తన ఫోన్లో ఉండాలి, నీ బీరువాలో కాదు. ఇంకోటి, 18 నిండాక చాలా దేశాల్లో ఆసుపత్రివాళ్లు తన అనుమతి లేకుండా నీకు వివరాలు చెప్పరు. ఏదైనా అయితే ఎవరికి చెప్పమంటావో ముందే అడిగి ఉంచు.

ఫోన్ ఎప్పుడు చేసుకోవాలో తననే చెప్పమను. మొదట్లో ఏడుస్తూ చేస్తుంది. వెంటనే బండెక్కకు. నీతో అరగంట ఏడ్చి, ఫోన్ పెట్టేసి స్నేహితులతో నవ్వుకుంటూ తిరుగుతుంది, తెల్లార్లూ మేలుకునేది నువ్వే! చాలామందికి ఆ బెంగ కొన్ని వారాల్లో తగ్గుతుంది. కానీ రెండు వారాలుగా సరిగ్గా నిద్ర లేదు, తిండి లేదు, క్లాసులకి వెళ్లట్లేదు, దేనిమీదా మనసు లేదంటే మాత్రం బెంగేలే అని సరిపెట్టుకోకు. వెళ్లి చూడు, డాక్టర్‌కో కౌన్సెలర్‌కో చూపించు. బయల్దేరే ముందే ఒక మాట చెప్పు: "ఎంత పెద్ద తప్పు జరిగినా ముందు మాకు చెప్పు, తిట్లు తర్వాత చూసుకుందాం." దాన్ని ఉపన్యాసం చేయకు, నీ సంగతి నాకు తెలుసు.

అన్నట్టు, మీ చిన్నోణ్ణి ఎవరైనా పట్టించుకుంటున్నారా? అక్క వెళ్తే రిమోట్ తనదేనని ఎగురుతుంటాడు గానీ, వెళ్లాక ఎక్కువ బోసిపోయేది వాడే. అక్క గది వాడికిస్తానని అప్పుడే మాటివ్వకు, కనీసం మొదటి సెలవులు అయ్యేదాకా ఆగు. మీ ఇద్దరి దృష్టీ ఒక్కసారిగా వాడి చదువు మీద పడకుండా కూడా చూసుకో, పాపం.

ఆదివారం ఫోన్ చేస్తాను. చెల్లెమ్మనీ పక్కన కూర్చోబెట్టు, నువ్వైతే అన్నీ బాగానే ఉన్నాయంటావు.

ఉంటాను మరి,
నీ నేస్తం