శరణార్థి కుటుంబాల ఉద్యోగాలు: టెక్సస్ వాలంటీర్లకు

అందరికీ నమస్కారం. కొత్త కుటుంబాలకు దరఖాస్తులు పెట్టించేముందు ఐ-94 (అమెరికాలో అడుగుపెట్టినప్పుడు ఇచ్చే ప్రవేశ రికార్డు) తీసి చూడండి. శరణార్థిగా అనుమతించిన ముద్ర ఉంటే చాలు, ఐ-9 ఫారానికి (పనిచేసే అర్హతను యజమాని సరిచూసుకునే ఫారం) అది 90 రోజుల పాటు రసీదుగా, అంటే తాత్కాలిక రుజువుగా చెల్లుతుంది. సోషల్ సెక్యూరిటీ నంబర్ చేతికి రాకపోయినా పనిలో పెట్టుకోవచ్చు. యజమాని గ్రీన్ కార్డే తెమ్మని పట్టుబట్టడం చట్టవిరుద్ధం. అలా అంటే మీరే హెచ్‌ఆర్‌తో మర్యాదగా మాట్లాడండి, భాష రానివాళ్లను ఒంటరిగా వదలొద్దు.

ఆ 90 రోజుల్లోపు వర్క్ పర్మిట్ గానీ, ఆంక్షలు లేని సోషల్ సెక్యూరిటీ కార్డుతో పాటు రాష్ట్ర ఐడీ గానీ చూపించాలి. చిక్కంతా ఇక్కడే. ఐ-94లో పేరు ఒకలా, కార్డులో ఇంకోలా పడుతుంది. ఇంటిపేరు లేనివాళ్లకు మరీ ఎక్కువ. స్పెల్లింగూ పుట్టిన తేదీ మొదటి వారంలోనే సరిచూసి, తప్పుంటే ముందు ఐ-94 దిద్దించండి.

పిల్లల సంగతి. 14, 15 ఏళ్లవాళ్లు బడులు నడిచే కాలంలో బడి రోజుకు 3 గంటలు, వారానికి 18 గంటలు మించి పనిచేయకూడదు, రాత్రి 7 దాటకూడదు. అద్దె భారం చూసి వాళ్లే ఎక్కువ గంటలకు ఒప్పేసుకుంటారు, కాబట్టి తల్లిదండ్రులకు కూడా చెప్పండి. 19 ఏళ్లవాళ్లను నేరుగా గోడౌన్ పనికి పంపేయకండి. సెప్టెంబరు 1కి 21 నిండకపోతే ఇక్కడ హైస్కూల్లో చేరే హక్కుంది.