తొలి ఈ-రీడర్లలో తెలుగు ఎందుకు ఇమడలేదు

సంపాదకుల వారికి,

నమస్కారం. ఈ-పుస్తకాల మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాం. తెలుగువాళ్ళకు తెర మీద చదివే అలవాటు లేకే తొలి ఈ-రీడర్లు, అంటే పుస్తకాలు చదవడానికే చేసిన చేతి యంత్రాలు, మన ఇళ్ళకు రాలేదని అందులో తేల్చేశారు. అలవాటు సంగతి తర్వాత. ఆ యంత్రాల తెర కొలత ఒకటి, మన ప్రచురణకర్తలు ఇచ్చిన పేజీ కొలత ఇంకొకటి. పైగా వాటికి తెలుగు గుణింతమే రాదు. ఈ రెండూ చూడకుండా నెపం పాఠకుడి మీద వేస్తే ఎలా? చెన్నైలో ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే రిచీ స్ట్రీట్ వైపు వెళ్ళి పాత ఈ-రీడర్ కొందామా అని ఆలోచించేవాళ్ళకు కూడా పనికొస్తుందని కాస్త వివరంగా రాస్తున్నాం.

1998లో అమెరికాలో వచ్చిన రాకెట్ ఈబుక్, సాఫ్ట్‌బుక్‌లతో ఈ కథ మొదలైంది. రెండూ ఎల్‌సీడీ తెరలే. రాకెట్ బరువు 600 గ్రాములకు పైమాటే. సాఫ్ట్‌బుక్ ఇంకా బరువు, అందులోకి పుస్తకం దింపాలంటే టెలిఫోను తీగ తగిలించాలి. రెండు కంపెనీలనూ 2000లో జెమ్‌స్టార్ అనే కంపెనీ కొనేసి, 2003లో ఆ వ్యాపారమే మూసేసింది. కొన్న పుస్తకం దుకాణంతో పాటే మూతపడే రోగం అప్పుడే అంటుకుంది.

అసలు మార్పు 2004లో, జపాన్‌లో సోనీ లిబ్రియేతో వచ్చింది. ఈ-ఇంక్ తెరతో అమ్మకానికి వచ్చిన తొలి రీడర్ అదే. తర్వాత 2006లో సోనీ పీఆర్‌ఎస్-500, 2007లో పీఆర్‌ఎస్-505, అదే ఏడాది నవంబరులో అమెజాన్ కిండిల్. వీటన్నిటిదీ 6 అంగుళాల తెర, 600 అడ్డ చుక్కలు, 800 నిలువు చుక్కలు.

ఈ తెర గొప్పదనం ఒప్పుకోవాల్సిందే. లోపల వెంట్రుక మందమంత బుడగలు లక్షల్లో ఉంటాయి. ఒక్కో బుడగలో పలుచని ద్రవం, అందులో ధన విద్యుదావేశమున్న తెల్లని రేణువులు, రుణావేశమున్న నల్లని రేణువులు. కింది నుంచి వోల్టేజి ఇస్తే ఒక రంగువి పైకి తేలతాయి, ఇంకో రంగువి అడుక్కి పోతాయి. తేలినవి కరెంటు తీసేసినా అక్కడే ఉంటాయి. అందుకే బ్యాటరీ ఖర్చంతా పేజీ తిప్పేటప్పుడే. పీఆర్‌ఎస్-505కు ఒక్క చార్జింగు మీద 7,500 పేజీలు తిప్పవచ్చని సోనీ ప్రకటించింది. మిట్ట మధ్యాహ్నం మేడ మీద కూర్చున్నా అక్షరం అచ్చు కాగితం మీదున్నట్టే కనిపిస్తుంది. అదే ఎండలో ఫోను తెర అద్దమైపోతుంది.

లోటుపాట్లూ ఆ తెరలోవే. రేణువులు కదలడానికి సమయం పడుతుంది కాబట్టి పేజీ తిప్పినప్పుడల్లా తెర ఒకసారి నల్లబడి తెల్లబడుతుంది, దానికి ఇంచుమించు సెకను. అలా మొత్తం తుడవకపోతే పాత పేజీ అక్షరాలు నీడలా మిగులుతాయి. తొలి కిండిల్‌లో, పీఆర్‌ఎస్-500లో బూడిద రంగు ఛాయలు నాలుగే, పీఆర్‌ఎస్-505లో 8, 2009 నాటి కిండిల్ 2లో 16. ఇంగ్లీషు నవలకు నాలుగు చాలు. స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకానికి చాలవు, సన్నని గీతలు తేలిపోతాయి. తెలుపు కూడా మీ పత్రిక కాగితం తెలుపే, అంతకు మించి ఆశించకూడదు. తెరకు సొంత వెలుగు లేదు. ముందు నుంచి వెలుగు పడే కిండిల్ పేపర్‌వైట్, నూక్ గ్లోలైట్ 2012లో గానీ రాలేదు. అంతకు ముందు వాటికి రాత్రి క్లిప్పు దీపమే గతి.

ఇక తెలుగు. ‘స్త్రీ’ అనే ఒక్క అక్షరాన్ని కంప్యూటరు ఫైల్లో ఆరు ముక్కలుగా దాస్తుంది: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. వీటిని కలిపి కింద తావత్తు పెట్టి, క్రావడి చుట్టి, పైన గుడిదీర్ఘం తగిలించే పని వేరే సాఫ్ట్‌వేర్‌ది. తొలి రీడర్లలో తెలుగు తెలిసిన ఆ భాగం లేదు. ఫాంటు కూడా లేకపోతే వరసగా డబ్బాలు కనిపిస్తాయి. ఈపబ్ అనే ఈ-పుస్తకాల ఫైల్లో ఫాంటు పొదిగితే డబ్బాలు పోతాయి గానీ, స మీద పొల్లు, త మీద పొల్లు, ఆ పక్కన ర, దాని పక్కన దిక్కులేని గుడిదీర్ఘం వస్తాయి. చాలామంది ఇక్కడే ఫాంటును తిట్టుకుని ఇంకో ఫాంటు వెతుకుతారు. పోతన వేసినా, గౌతమి వేసినా ఫలితం అదే. తప్పు ఫాంటుది కాదు.

2016 డిసెంబరులో అమెజాన్ కిండిల్‌లో హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం పుస్తకాలు మొదలుపెట్టింది. అప్పటి నుంచి ఇక్కడ చెన్నైలో మా పక్కింటి తమిళ పాఠకుడు తన భాషలో అక్షరం పెద్దది చేసుకుని చదువుకుంటున్నాడు. ఆ ఐదింటిలో తెలుగు లేదు. ‘అలవాటు లేదు’ అనే ముందు ఇది గుర్తుంచుకోవాలి.

కాబట్టి పాత యంత్రంలో తెలుగు చదవాలంటే పేజీని బొమ్మలా అందించాలి, అంటే పీడీఎఫ్. అందులో అక్షరం ఆకారం ముందే తేలిపోయి ఉంటుంది, యంత్రానికి తెలుగు రానక్కర్లేదు. సోనీ పీఆర్‌ఎస్ రీడర్లు పీడీఎఫ్ చూపిస్తాయి. తొలి కిండిల్ నేరుగా చూపించదు. కిండిల్ 2కు 2009 నవంబరు అప్‌డేట్‌తో ఆ వసతి వచ్చింది. అయితే పీడీఎఫ్‌లో అక్షరం ఒక్కటే పెంచి వరసలు సర్దుకునేలా చేయలేం. అక్కడే కొలతల తంటా మొదలవుతుంది.

6 అంగుళాల తెర అంటే అడ్డం 91 మి.మీ., నిలువు 122 మి.మీ. ఏ4 కాగితం 210 × 297 మి.మీ. దాన్ని ఆ తెర మీదికి కుదిస్తే 12 పాయింట్ల అక్షరం 5 పాయింట్లకు దిగుతుంది. చుట్టూ ఉన్న 20 మి.మీ. మార్జిన్లు కత్తిరిస్తే 6.4 పాయింట్లు. ఆపైన తెరను అడ్డంగా తిప్పితే 8.6. ఇంగ్లీషుకు అది సరిపోవచ్చు. తెలుగులో 8 పాయింట్ల అక్షరానికి ఈ తెర మీద నిలువునా దొరికే చుక్కలు సుమారు 18. తలకట్టు, గుడి పై భాగం తీసుకుంటాయి, ఒత్తు కింది భాగం తీసుకుంటుంది. అసలు అక్షరానికి మిగిలేవి ఏడో ఎనిమిదో. ఆ కాసిన్ని చుక్కల్లో ‘ద’కూ ‘ధ’కూ తేడా చూపే అడుగు గీత నిలబడదు. ‘వ’, ‘ప’ కూడా ఒకటైపోతాయి. చదివేవాడు సందర్భం చూసి ఊహించుకోవాల్సిందే, పద్యమైతే ఆ ఊహ కూడా పనిచేయదు.

మన 1/8 డెమ్మీ పుస్తకం కాస్త నయం. 140 × 216 మి.మీ. పేజీలో అచ్చు పడే భాగం వెడల్పు సుమారు 105 మి.మీ. మార్జిన్లు తీసేస్తే 12 పాయింట్లు 10 పైచిలుకు అవుతాయి, హాయిగా చదవొచ్చు. 2009లో వచ్చిన కిండిల్ డీఎక్స్ 9.7 అంగుళాల తెర వెడల్పు సరిగ్గా 140 మి.మీ. దగ్గరే. డెమ్మీ పేజీ దాదాపు అసలు సైజులోనే కూర్చుంటుంది. చేతికి అరకిలో బరువనిపించినా, తెలుగు పీడీఎఫ్‌లకు తొలితరం రీడర్లలో మా ఓటు దానికే.

యూనికోడ్‌లో, అంటే తెలుగు అక్షరాలకు సొంత సంకేతాలుండే పద్ధతిలో, టైపు చేసిన మేటరు ఉంటే సొంతంగా పేజీలు కట్టుకోవడం అరగంట పని. లిబ్రెఆఫీస్ రైటర్‌లో పేజీ 90 × 120 మి.మీ., నాలుగు వైపులా మార్జిన్ 3 మి.మీ., అక్షరం 14 పాయింట్లు పెట్టాలి. వరసల ఎడం 1.25కు తగ్గితే పై వరస ఒత్తులు కింది వరస గుడుల మీద కూర్చుంటాయి. రెండు వైపులా సమంగా సర్దవద్దు. 84 మి.మీ. వరసలో పట్టేవి నాలుగైదు మాటలు, వాటిని లాగి పరిస్తే మధ్యలో కాలువలు పారతాయి. ఎడమవైపు సరి చేసి వదిలేయడమే మేలు. పీడీఎఫ్ చేసేటప్పుడు ఫాంటు అందులో పొదిగిందో లేదో చూసుకోవాలి. ఫైలు పేరూ, డాక్యుమెంట్ ప్రాపర్టీస్‌లో టైటిలూ ఇంగ్లీషు అక్షరాల్లోనే పెట్టాలి, లేదంటే యంత్రం జాబితాలో డబ్బాలే కనిపించి ఏది ఏ పుస్తకమో తెలియదు. 200 పేజీల డెమ్మీ పుస్తకం ఈ లెక్కన 500 పేజీల దాకా పెరుగుతుంది. 7,500 పేజీల బ్యాటరీకి అలాంటివి పదిహేను. కంగారు పడాల్సిన పని లేదు.

చిక్కంతా పాత డీటీపీ ఫైళ్ళతోనే. మన పుస్తకాలు ఏళ్ళ తరబడి పేజీలు కట్టే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో అనూ ఫాంట్లతో తయారయ్యాయి. ఆ పీడీఎఫ్ కంటికి తెలుగే, లోపలున్నవి మాత్రం ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల సంకేతాలు. దాన్ని కాలిబర్‌లో వేసి ఈపబ్‌గా మారిస్తే బయటికొచ్చేది ఎవరికీ అర్థం కాని రాత. కాలిబర్‌ను తప్పుపట్టి లాభం లేదు. కోవిద్ గోయల్ 2006లో సోనీ రీడర్ కోసమే మొదలుపెట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్ అది, దాని పని అది చక్కగానే చేస్తుంది. అనూ నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, మార్చాక ప్రూఫు మాత్రం దిద్దక తప్పదు. అసలు పేజ్‌మేకర్ ఫైలు చేతిలో ఉన్న డీటీపీ ఆపరేటరుకు దగ్గరి దారి ఇంకొకటుంది: మేటరును 90 × 120 పేజీలోకి పారించి ఇంకో పీడీఎఫ్ తీయడమే.

స్కాన్లకు, అంటే బెంగళూరు ఐఐఎస్‌సీ పాలుపంచుకున్న డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పుస్తకాల్లాంటి వాటికి, కేటూపీడీఎఫ్‌ఆప్ట్ అనే ఉచిత ప్రోగ్రాం పనికొస్తుంది. అది పేజీని బొమ్మగానే మాటమాటకూ కత్తిరించి చిన్న తెర మీద మళ్ళీ పేరుస్తుంది కాబట్టి భాషతో నిమిత్తం లేదు. కత్తిరింపులో ఒత్తులు కింది ముక్కలోకి పోయాయేమో మాత్రం మొదటి పది పేజీలు చూసి గాని మొత్తం పుస్తకం చేయకూడదు. స్కాన్ వంకరగా ఉంటే ముందు నిటారు చేయాలి.

సెకండ్‌హ్యాండ్ రీడర్ కొనేవాళ్ళకు ఒక హెచ్చరిక. తెర మీద బొమ్మ కనిపించినంత మాత్రాన యంత్రం బతికున్నట్టు కాదు. ముందే చెప్పినట్టు కరెంటు లేకపోయినా ఆఖరి బొమ్మ అలాగే నిలిచిపోతుంది. చచ్చిన రీడరు కూడా అద్దాల బీరువాలో నిక్షేపంగా కనిపిస్తుంది. ఆన్ చేయించి, కనీసం పది పేజీలు తిప్పించాలి. తెరలో కొంత భాగం పాత బొమ్మ పట్టుకుని కదలకపోయినా, సాలెగూడులా గీతలు వచ్చినా లోపలి గాజు పగిలినట్టే. పైన ప్లాస్టిక్ చెక్కుచెదరకుండా ఉన్నా లోపలి పలుచని గాజు పలక సంచీలో నొక్కుకుపోయి పగులుతుంది. తెర మార్చాలంటే అలాంటిదే ఇంకో రీడర్ కొని విప్పాలి, అది దండగ. కంప్యూటరుకు తగిలించి డ్రైవ్‌గా కనిపిస్తోందో లేదో చూడాలి. తొలి కిండిల్‌కు, పీఆర్‌ఎస్-505కు మినీ యూఎస్‌బీ, కిండిల్ 2 నుంచి మైక్రో. పీఆర్‌ఎస్-505 చాలా ఫోన్ చార్జర్లతో చార్జింగు ఎక్కదు, కంప్యూటరు పోర్టుకు తగిలించడం మేలు. ఏళ్ళ తరబడి మూలపడ్డ బ్యాటరీ వెంటనే లేవదు, రెండు మూడు గంటలు ఆగి చూడాలి. వెనక మూత ఉబ్బి ఉంటే బేరమే వద్దు. తొలి కిండిల్ బ్యాటరీ మూత తీసి మార్చుకోవచ్చు, కిండిల్ 2 నుంచి లోపల బిగించేశారు. మెమరీ కార్డు వేస్తే 2 జీబీ మామూలు ఎస్‌డీయే భద్రం, పెద్దవాటిని కొన్ని గుర్తించవు.

దుకాణాలు తాము అమ్మే ఈ-పుస్తకాలకు వేసే డిజిటల్ తాళాల గురించి ఎక్కువ రాయం. లిబ్రియేలో తెచ్చుకున్న పుస్తకం 60 రోజులకు తెరుచుకోవడం మానేసేది. 2009 జూలైలో అమెజాన్ తాను అమ్మిన పుస్తకాలను కొనుగోలుదారుల కిండిళ్ళ నుంచి దూరం నుంచే తీసేసి, డబ్బు వాపసిచ్చి, తర్వాత క్షమాపణ చెప్పుకుంది. ఉత్తర అమెరికాలో సోనీ పుస్తకాల దుకాణం 2014లో మూతపడింది. 2025 ఫిబ్రవరి 26 నుంచి కొన్న కిండిల్ పుస్తకాన్ని కంప్యూటర్లోకి దింపి యూఎస్‌బీ తీగతో ఎక్కించుకునే దారి కూడా పోయింది. వైఫై లేని తొలి రెండు తరాల కిండిళ్ళకు ఇది పెద్ద దెబ్బే. తాళం లేని సొంత పీడీఎఫ్‌కు ఈ బాధలేవీ లేవు.

మీ పత్రిక ద్వారా తెలుగు ప్రచురణకర్తలకు ఒక మనవి. డెమ్మీ పీడీఎఫ్ అమ్ముతున్న చోటే 90 × 120 పీడీఎఫ్ కూడా పెట్టండి. రంగుల అట్ట బొమ్మ అందులో వద్దు, నలుపు తెలుపుల్లో పేరు చాలు. విషయసూచికలో పేజీ నంబర్లు కొత్త లెక్క ప్రకారం మార్చడం మరవద్దు, తరచూ అక్కడే పొరపాటు జరుగుతుంది. ఫైలు పేరు చివర కొలత రాసి పెడితే, ఎవరి తెరకు ఏది సరిపోతుందో డబ్బు కట్టే ముందే తెలుస్తుంది.

ఇట్లు,
కొందరు తెలుగు పాఠకులు,
పెరంబూరు, చెన్నై