స్పానర్ సంగతి

ఒరేయ్ మావా,

నీ మెయిల్ వచ్చి నెలన్నర అయింది, తిట్టుకుంటూ ఉంటావని తెలుసు, ఏమనుకోకురా. రెండుసార్లు మొదలుపెట్టి ఆపేశాను. ఇంటి సంగతులు గబగబా చెప్పేస్తాను. అమ్మ మోకాలి నొప్పి అలాగే ఉంది. చిన్నది ఒకటో తరగతిలో చేరింది. మీ నాన్నగారిని పోయిన ఆదివారం చూసొచ్చాను, బీపీ బాగానే ఉంది, నువ్వు పంపిన స్వెట్టర్ ఈ ఎండల్లో కూడా వేసుకుని చూపించారు. అంతే. ఇక అసలు విషయం.

నాకు మెమో ఇచ్చారురా.

మొదటినుంచి చెప్తాను, ఓపిగ్గా చదువు. మా ఆసుపత్రిలో ఆపరేషన్ తర్వాత ఉంచే వార్డు నాలుగు మంచాల గది. గోడకి ఆక్సిజన్ పాయింట్లు నాలుగే. సిజేరియన్లు ఎక్కువైన రోజు అందులోనే ఆరు మంచాలు వేస్తారు. ఆ చివరి రెండింటి దగ్గర పాయింటూ ఉండదు, గొంతులో చేరింది లాగే సక్షనూ ఉండదు, ఒక సిలిండర్ తెచ్చి నిలబెడతారు. రాత్రిపూట ఆ గదికీ లేబర్ రూముకీ కలిపి సిస్టర్ ఒక్కరే.

ఆ రాత్రి రెండింటికి ఆరో మంచం మీద పిల్లకి, ఇరవై ఏళ్లుంటాయేమో, బ్లీడింగ్ మొదలైంది. నేను వెళ్లేసరికి బీపీ అందట్లేదు, రక్తంలో ఆక్సిజన్ సాచురేషన్ 84. సిలిండర్ ఉంది. నిండుగా ఉంది. తిప్పడానికి స్పానర్ లేదు! ఆ అంతస్తు మొత్తానికి స్పానర్ ఒక్కటే, సెలైన్ ట్యూబు ముక్కకి కట్టి ఉంటుంది, అది మగవాళ్ల వార్డులో ఉండిపోయింది. సిస్టర్ కడుపు మీద గర్భసంచి నొక్కి పట్టుకున్నారు, ఇంకో చేత్తో గైనిక్ మేడమ్‌కి ఫోన్ చేస్తున్నారు, నేను ఊపిరి అందించే అంబూ బ్యాగు వదల్లేను. ఇంకెవరున్నారు? ఆ పిల్ల వాళ్లమ్మ. "అమ్మా, ఆ చివరి వార్డుకి పరిగెత్తు, సిలిండర్ తిప్పే ఇనప ముక్క అడుగు" అన్నాను. స్పానర్ అంటే ఆవిడకేం తెలుసు చెప్పు. చెప్పులు కూడా లేకుండా వరండా పొడుగునా పరిగెత్తింది, నాకా అడుగుల చప్పుడు ఇంకా వినిపిస్తూనే ఉంది. వచ్చేటప్పుడు దాన్ని కొంగులో చుట్టి రెండు చేతులతో గుండెలకి పట్టుకుని తెచ్చింది, ఎక్కడ పడిపోతుందో అని.

పిల్ల బతికింది. రక్తం ఎక్కించాం, మేడమ్ వచ్చారు, తెల్లారేసరికి కుదుటపడింది. ఎనిమిదో రోజున ఇంటికి వెళ్లిపోయింది, బిడ్డకి నా చేత ముద్దు పెట్టించుకుని మరీ వెళ్లారు.

మర్నాడే ఒకటిన్నర పేజీ ఉత్తరం రాశాను మా సూపరింటెండెంట్ గారికి. ఎవరినీ ఏమీ అనలేదురా, నువ్వు చదివినా అదే అంటావు. ఆరు మంచాలు వద్దు, వేస్తే పాయింట్లు పెట్టించండి, సిలిండర్‌కొక స్పానర్ ఇవ్వండి, రాత్రి ఇంకో సిస్టర్‌ని వేయండి. గది ఫొటో ఒకటి జతచేసి, కాపీ జిల్లా ఆఫీసుకి పెట్టాను. సిస్టర్‌ని కూడా సంతకం పెట్టమని అడిగితే "నాది కాంట్రాక్టు సార్, మీకు తెలియనిదేముంది" అన్నారు. అప్పుడు నువ్వే గుర్తొచ్చావు. హాస్టల్లో సాంబారు పిటిషన్ మీద సంతకాలు గుండ్రంగా పెట్టించావు కదా, మొదట పెట్టిందెవడో వార్డెన్‌కి తెలియకుండా! ఇక్కడ గుండ్రంగా పెట్టడానికి నేనొక్కడినే.

తొమ్మిదో రోజున మెమో వచ్చింది. జిల్లా ఆఫీసుకి నేరుగా కాపీ ఎందుకు పెట్టావు, వార్డులో ఫొటో ఎవరి అనుమతితో తీశావు, ఫలానా మూడు రోజులు హాజరు పదకొండు నిమిషాలు ఆలస్యం, 1964 ప్రవర్తనా నియమాల కింద చర్య ఎందుకు తీసుకోకూడదో మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వు. రెండు పేజీలు. నేను నాలుగుసార్లు చదివాను మావా, వేలు పెట్టి లైను లైను వెతికాను. ఆక్సిజన్ అనే మాట లేదు. స్పానర్ లేదు. ఆ పిల్ల లేదు. నేను రాసింది నిజమా అబద్ధమా అని అడగలేదురా, ఎందుకు రాశావు అని అడిగారు.

ఇక అప్పటినుంచి ప్రతివాడూ ఒకటే మాట. సీనియర్ గారు టీ తాగుతూ, మా మావయ్య ఫోన్లో, చివరికి అమ్మ కూడా: "సుధాకర్ గారు ఏమయ్యారో తెలుసు కదా, నీకెందుకురా."

తెలియకపోవడమేమిటి. ఆ వీడియో నీకు పంపింది నేనే. నర్సీపట్నం ఏరియా ఆసుపత్రిలో మనలాగే మత్తు డాక్టరు. 2020 ఏప్రిల్‌లో ఎన్95 మాస్కులు లేవు, ఒకే మాస్కు 15 రోజులు వాడమంటున్నారు అని పైకి చెప్పారు. ఏప్రిల్ 8న సస్పెండ్ చేశారు. మే 16న విశాఖలో నడిరోడ్డు మీద, ఒంటి మీద చొక్కా లేకుండా, చేతులు వెనక్కి విరిచి తాడుతో కట్టి ఆటో ఎక్కించారు. అక్కడినుంచి కేజీహెచ్, తర్వాత మానసిక ఆసుపత్రి. తాగి గొడవ చేశారని పోలీసులు అన్నారు, ఇంట్లోవాళ్లు కాదన్నారు, హైకోర్టు మే 22న సీబీఐకి అప్పగించింది. మరుసటి ఏడు మే 21న ఆయన గుండెపోటుతో పోయారు. ఆ కట్టేసిన చేతులు... ఎంతమందికి వెన్నులో సూది వేసిన చేతులురా అవి. ఊరంతా ఆయన తాగారా, మతి సరిగా ఉందా అనే మాట్లాడుకుంది. నర్సీపట్నంలో ఆ వారం మాస్కులు ఎన్ని ఉన్నాయన్న ప్రశ్న ఎటు పోయింది?

నువ్వు చెప్పిన ఇంగ్లండ్‌లోని కోవెంట్రీ డాక్టరు కథ కూడా ఈ పది రోజులూ బుర్రలో తిరుగుతోంది. రాజ్ మట్టూ గారు. నలుగురి గదిలో ఐదో మంచం వేస్తే ఆ ఐదో మనిషికి ఆక్సిజన్, సక్షన్ అందవు అన్నాకే కదా 2002లో సస్పెండ్ చేసి, 2010లో తీసేశారు? 2014లో ట్రిబ్యునల్ ఆయన పక్షాన చెప్పింది, 2016లో 12 లక్షల పౌండ్లకు పైగా పరిహారం. అదే ఐదో మంచం మావా! అప్పుడు విన్నప్పుడు వేరే దేశం సంగతిలే అనుకున్నాను. కానీ ఆ డబ్బుతో మధ్యలో పోయిన ఏళ్లు తిరిగొస్తాయా? అక్కడ తప్పులు బయటపెట్టేవాళ్లని కాపాడే చట్టం 1998లోనే చేసి కూడా అంతకాలం పట్టింది. మన దగ్గర 2014లో అలాంటి చట్టమే ఒకటి చేసి అమల్లోకి తేకుండా అలాగే ఉంచారు, అందుకని నేనేం... సరే, అది తర్వాత.

భయంగా ఉందిరా, నీ దగ్గర దాచడం ఎందుకు. ఏజెన్సీకి డెప్యుటేషన్ వేస్తారని ఆఫీసులో అనుకుంటున్నారు. ఏజెన్సీ అంటే నాకు బాధ లేదు, అక్కడా కాన్పులుంటాయి. కానీ వెళ్లిపోతే ఆరో మంచం సంగతి ఎవరడుగుతారు?

ఇంకోటి, ఇది చెప్పాలనే నిజానికి కూర్చున్నాను. నిన్న రాత్రి రౌండ్‌కి వెళ్తే ప్రతి సిలిండర్‌కీ మెడలో కొత్త గొలుసు, గొలుసుకి స్పానర్. తళతళలాడుతున్నాయి. ఎవరు పెట్టించారో అడిగితే ఎవరూ చెప్పరు. స్టోర్స్ అతను తల దించుకుని "సార్, పై నుంచి అన్నారు" అన్నాడు. నేనొకదాన్ని తీసి వాల్వు తిప్పి చూశాను, గాలి బుస్సుమంది. అక్కడే నిలబడి ఏడ్చాను మావా, సిస్టర్ చూడకుండా గోడవైపు తిరిగి. మంచాలు మాత్రం ఇంకా ఆరే.

సంజాయిషీ రేపటికల్లా ఇవ్వాలి. మొదటి వాక్యం రాశాను: "ఆ రాత్రి సిలిండర్ నిండుగా ఉంది." తర్వాత ఏం రాయాలో, క్షమాపణ చెప్పమంటున్నారు అందరూ, నేను మాత్రం ఫొటో తీసినందుకు చెప్తానేమో గానీ ఉత్తరం రాసినందుకు... నువ్వు చదివి చెప్పు, రాత్రికి పంపిస్తాను, మీకు మధ్యాహ్నమేగా. నీ ఇంగ్లీషు కావాలి, సాంబారు పిటిషన్‌లో వాడిన ఇంగ్లీషు కాదు.

ఓటీ నుంచి ఫోన్, సిజేరియన్ కేసు, వెళ్తున్నా.

నీ మావ