బంకమట్టి పెరట్లో కుక్కల కోసం గడ్డి పరిచేముందు

ఎడిటర్ గారికి,

కుక్కలున్న ఇళ్లలో పెరడంతా బురదైపోతోందని చాలామంది ఆర్టిఫిషియల్ గడ్డి వేయించుకుంటున్నారు, మంచిదే, కానీ కింద బంకమట్టి ఉంటే నేరుగా దానిమీదే పరిచేయొద్దని చెప్పడానికే ఈ ఉత్తరం. మేం ఆ తప్పు చేశాం. బంకమట్టిలోకి నీళ్లు అంత తొందరగా ఇంకవు కదా, కుక్క మూత్రం గడ్డిలోంచి దిగి మట్టిమీదే నిలిచిపోయి ఒకటే అమ్మోనియా వాసన, పైగా ఆ మట్టి తడిస్తే ఉబ్బుతుంది ఎండితే బీటలిస్తుంది, దాంతో పైన గడ్డి కూడా ఎత్తుపల్లాలుగా అయిపోయింది.

మళ్లీ మొత్తం పీకించి నాలుగంగుళాల దాకా మట్టి తవ్వించాం. తవ్విన చోట అడుగుభాగం కూడా కొంచెం వాలుగా చేయించాలి, మీటరుకి ఒకటి రెండు సెంటీమీటర్లు చాలు, వాలు మాత్రం ఇంటి వైపు ఉండకూడదు. దానిమీద జియోటెక్స్‌టైల్ అనే, నీళ్లని దిగనిచ్చి మట్టిని ఆపే గుడ్డ వేయాలి, లేకపోతే బంకమట్టి మెల్లగా కంకరలోకి ఎక్కేసి నీళ్లదారి మూసుకుపోతుంది. ఆపైన కంకర పోసి గట్టిగా దిమ్మిస చేయించాలి. నీళ్లు బాగా నిలిచే చోటైతే వాలు చివర చిల్లుల పైపు కూడా పెట్టాలి.

గడ్డి మధ్యలో మామూలు ఇసుక బదులు జియోలైట్ (అమ్మోనియాని పట్టి ఉంచే ఒక ఖనిజం) వేస్తే వాసన చాలావరకు తగ్గుతుంది, అయినా నీళ్లతో కడగడం తప్పదు. ఎండలో ఈ గడ్డి బాగా కాలుతుందండీ, చేత్తో ముట్టుకుని చూశాకే కుక్కని వదలండి, పాపం వాటి పాదాలు బొబ్బలెక్కుతాయి.

ఇట్లు,
ఒక పాఠకురాలు