కొత్త ల్యాప్‌టాప్‌లో ఏ సిస్టమ్ ఉండాలో కొన్నవాళ్లే తేల్చుకోవాలి

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. ఇంజినీరింగ్, డిగ్రీ ప్రవేశాలు పూర్తయ్యే వేళకు మన ఊళ్లలో ల్యాప్‌టాప్ దుకాణాలు కిటకిటలాడుతుంటాయి. చీటీ పాడుకునో, అప్పు చేసో తల్లిదండ్రులు కొనిచ్చిన ఆ యంత్రంలో ముందే వేసి వచ్చిన విండోస్‌ను ఉంచుకోవాలా, తీసేసి, విండోస్‌లాగే యంత్రాన్ని నడిపించే, ఉచితంగా దొరికే లినక్స్ అనే మరో సిస్టమ్ వేసుకోవాలా అన్న ప్రశ్న నెల తిరక్కుండానే పిల్లల ముందుకు వస్తుంది. సీనియర్లు తీసేయమంటారు, దుకాణదారు ముట్టుకోవద్దంటాడు, కాలేజీ ఏమీ చెప్పదు. ముప్పై ఏళ్లు జూనియర్ కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరైన నాకు ఇది ఒక్కో ఇంటి సొంత వ్యవహారంగా అనిపించడం లేదు. అందుకే ఈ లేఖ రాస్తున్నాను.

మా తమ్ముడి కూతురు కంప్యూటర్ సైన్స్ రెండో సంవత్సరం చదువుతోంది. దసరా సెలవులకు ఇంటికి వచ్చిన రోజు రాత్రి ల్యాప్‌టాప్ పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. నీలం తెర మీద ఒక గడి, అందులో 48 అంకెల రికవరీ కీ కొట్టమన్న ఆదేశం తప్ప ఇంకేమీ లేదు. "పెదనాన్నా, నేనేమీ చెరపలేదు, ఉబుంటు వేసుకుందామని బయాస్‌లో సెక్యూర్ బూట్ ఒక్కటే ఆపాను" అంది. ఉబుంటు అంటే లినక్స్‌లో ఒక రకం. బయాస్ అంటే యంత్రం ఆన్ కాగానే అది ఎలా మొదలవ్వాలో నిర్ణయించే అమరికల చోటు, సెక్యూర్ బూట్ అందులోని ఒక భద్రతా తనిఖీ. ఆ పిల్ల చెప్పింది నిజమే. ఇప్పుడు వచ్చే చాలా విండోస్ 11 యంత్రాల్లో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లోపలికి వెళ్లగానే డిస్క్ మొత్తానికి దానంతటదే తాళం పడుతుంది. ల్యాప్‌టాప్ దొంగల చేతిలో పడ్డా లోపలివి వాళ్లకు దక్కకుండా చేసే మంచి ఏర్పాటే అది. కానీ బూట్ అమరికల్లో మార్పు కనిపిస్తే అదే ఏర్పాటు యజమానిని కూడా నిలబెట్టి కీ అడుగుతుంది. ఆ కీ ఏ అకౌంట్‌తో యంత్రాన్ని మొదలుపెట్టామో ఆ అకౌంట్‌లో ఉంటుంది. మా అమ్మాయి యంత్రాన్ని మొదలుపెట్టింది దుకాణంలో పనిచేసే కుర్రాడు. అప్పటికప్పుడు ఒక మెయిల్ సృష్టించి, తన ఫోన్ నంబరు ఇచ్చి, "అంతా రెడీ మేడమ్" అని చేతిలో పెట్టాడు. ఆ కుర్రాడు పని మానేసి వెళ్లిపోయాడు. రెండు రోజులు ఫోన్లు చేసినా ఆ మెయిల్ ఏమిటో, పాస్‌వర్డ్ ఏమిటో చెప్పగలిగిన వాళ్లు దొరకలేదు. సెక్యూర్ బూట్ మళ్లీ ఆన్ చేసి చూసినా ఆ తెర పోలేదు. ఏడాదిగా రాసుకున్న ల్యాబ్ ప్రోగ్రాములు, మినీ ప్రాజెక్టు, మా అమ్మ పోకముందు తీసిన ఫొటోలు అన్నీ ఆ తాళం వెనకే ఉండిపోయాయి. చివరికి డిస్క్ తుడిచేయక తప్పలేదు.

ఎవరినో దూషించడానికి ఇదంతా చెప్పడం లేదు. ఇంటి తాళంచెవి కట్టిన మేస్త్రీ దగ్గరే ఉంచుకుంటే ఒప్పుకోని మనం, ల్యాప్‌టాప్ విషయంలో మాత్రం అదే పని రోజూ జరగనిస్తున్నాం. విండోస్ 11 హోమ్ మొదటిసారి తెరిచినప్పుడు ఇంటర్నెట్‌ను, అకౌంట్‌ను అడిగి తీరుతుంది కనుక ఆ అకౌంట్ కొన్నవాళ్ల పేరు మీదే, వాళ్ల ఫోన్‌కే ఓటీపీ వచ్చేలా తెరవాలి. రికవరీ కీని కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకోవాలి. సిస్టమ్ మార్చినా మార్చకపోయినా ఈ పని మొదటి రోజే చేయాలి.

తుడిచేశాక ఒక విషయం మాకు ఊరటనిచ్చింది. విండోస్ లైసెన్స్ కీ ఈ యంత్రాల్లో మదర్‌బోర్డులోనే భద్రపరిచి ఉంటుంది. మైక్రోసాఫ్ట్ సైటు నుంచి దింపుకుని మళ్లీ వేయగానే ఎవరినీ ఏ నంబరూ అడగకుండా అదే యాక్టివేట్ అయింది. కాబట్టి లినక్స్ వేస్తే డబ్బు పెట్టి కొన్న విండోస్ శాశ్వతంగా పోతుందన్న భయం అక్కర్లేదు. ఆ భయాన్ని పెంచేవాళ్లు దుకాణాల్లో ఉన్నారు కాబట్టి ఇంత వివరంగా రాస్తున్నాను.

ఆ తర్వాత మేము తొందరపడలేదు. ఉబుంటును ఒక పెన్ డ్రైవ్‌లో వేసి, డిస్క్‌ను ముట్టుకోకుండా దాని మీదే నాలుగు రోజులు నడిపి చూశాం. వైఫై, శబ్దం, కెమెరా పనిచేశాయి, వేలిముద్ర చదివే మీట మాత్రం పనిచేయలేదు. ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు అమరికతో నేను తెలుగు టైపు చేసి చూశాను, వత్తులు, గుణింతాలు ఎక్కడా చెదరలేదు. ప్రోగ్రాములు రాసే భాషలు సీ, పైథాన్, జావా అన్నీ అక్కడ హాయిగా నడుస్తాయి. డిస్క్‌ను రెండు భాగాలు చేసి రెండు సిస్టమ్‌లూ ఉంచుకోవాలని అమ్మాయే నిర్ణయించుకుంది. దాని చదువుకు అది సరైన నిర్ణయమని నా నమ్మకం.

అదే సలహా అందరికీ ఇవ్వలేను. సివిల్, మెకానికల్ విద్యార్థులకు కావలసిన ఆటోక్యాడ్, సాలిడ్‌వర్క్స్ అనే డిజైన్ ప్రోగ్రాములు లినక్స్‌కు రావు. లెక్కలు టాలీలో రాసేవాళ్లకూ, డిజిటల్ సంతకం టోకెన్‌తో రోజూ పని ఉండేవాళ్లకూ విండోస్‌ను కదిలించడం కొరివితో తల గోక్కోవడమే. మన డీటీపీ కేంద్రాల సంగతి మరీ ప్రత్యేకం. పెళ్లి శుభలేఖ నుంచి పాఠ్యపుస్తకం దాకా తెలుగు ముద్రణలో చాలా భాగం ఇప్పటికీ అను అనే పాత తరహా తెలుగు ఫాంట్ల మీద, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రాము మీద ఆధారపడి ఉంది, అవి విండోస్‌కే అంటిపెట్టుకుని ఉన్నాయి. అను ఫాంట్లతో టైపు చేసిన ఫైలును ఆ ఫాంట్లు లేని యంత్రంలో తెరిస్తే ఒక్క తెలుగు అక్షరం కనిపించదు, రోమన్ లిపి ముక్కలూ అర్థంలేని గుర్తులూ వరుస కడతాయి. నేను పనిచేసిన చోట సర్క్యులర్లు కూడా అలాగే వచ్చేవి. ఇంట్లో లినక్స్ ఉన్న ఒక సహాధ్యాపకుడు వాటిని చదవడానికి ప్రతిసారీ నెట్ సెంటరుకు వెళ్లి ప్రింట్ తీయించుకునేవాడు. ఏ యంత్రంలోనైనా తెలుగు తెలుగులాగే కనిపించేలా చేసే యూనికోడ్ పద్ధతి వచ్చి ఇన్నేళ్లయినా కార్యాలయాల టైపింగు దాని దాకా రాకపోతే, ఏ సిస్టమ్ వాడాలన్నది పౌరుడి ఇష్టం అనడంలో అర్థం లేదు.

ప్రభుత్వాలకు ఈ సంగతి తెలియదని కాదు. ఇ-పాలనలో అందరికీ అందుబాటులో ఉండే ప్రమాణాలే వాడాలని కేంద్రం 2010లో విధానం ప్రకటించింది, ప్రభుత్వ వ్యవస్థల్లో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కు, అంటే లినక్స్‌లా లోపలి కోడ్ అందరికీ తెరిచి ఉండే సాఫ్ట్‌వేర్‌కు, ప్రాధాన్యం ఇవ్వాలని 2015లో మరో విధానం తెచ్చింది. కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీడాక్ తయారుచేసిన బాస్ అనే లినక్స్ రకం 2007 నుంచి ఉంది. హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ కార్యకర్తలు మెనూలతో సహా తెలుగులో కనిపించే లినక్స్ కోసం చాలా ఏళ్లుగా శ్రమించారు. కేరళలో ప్రభుత్వ పాఠశాలల పిల్లలు ఐటీ పాఠాన్ని ఏళ్ల తరబడి లినక్స్ మీదే నేర్చుకుంటున్నారు. మన రెండు రాష్ట్రాల్లో మాత్రం సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల గురించి ఎంత మాట్లాడుకుంటామో, పిల్లవాడి బల్ల మీద ఉన్న సాఫ్ట్‌వేర్ గురించి అంత తక్కువ మాట్లాడతాం.

దుకాణాల్లో మరో అలవాటు కూడా ఉంది. విండోస్ లేకుండా, డాస్ అనే సాదా సిస్టమ్‌తో వచ్చే మోడళ్లు కొన్ని వేల రూపాయలు తక్కువకు దొరుకుతాయి. లినక్స్ వేసుకునేవాళ్లకు అది న్యాయమైన బేరం. కానీ చాలా చోట్ల వాటిలో నాలుగైదు వందలు తీసుకుని దొంగ కాపీ విండోస్ వేసిస్తారు. యాక్టివేట్ చేయడానికి వాడే ఆ క్రాక్ ప్రోగ్రాములో ఏముందో వేసిన కుర్రాడికీ తెలియదు, వేయించుకున్నవాళ్లకూ తెలియదు. అదే యంత్రంలో రేపు బ్యాంకు పాస్‌వర్డ్ కొడతాం. విండోస్ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది కనుక, పాత యంత్రాలకు విండోస్ 11 ఎక్కని ఇళ్లలో ఈ దొంగదారి మరింత పెరుగుతుందని నా ఆందోళన. అలాంటి యంత్రాలకు లినక్స్ వేయడంలో నాకు రెండో ఆలోచన లేదు.

తమ పత్రిక ద్వారా రెండు రాష్ట్రాల ఉన్నత విద్యామండళ్లను ఒకటే కోరుతున్నాను. వచ్చే ఈఏపీసెట్ కౌన్సెలింగ్ నాటికి ప్రతి కాలేజీ తన ప్రవేశ పత్రాలతో పాటు ఒక్క పేజీ ఇవ్వాలి. ఏ బ్రాంచికి ఏ సాఫ్ట్‌వేర్ తప్పనిసరి, అది లినక్స్‌లో నడుస్తుందా లేదా, ఆన్‌లైన్ పరీక్షలు ఏ సిస్టమ్‌లో రాయాలి, అకౌంట్‌ను విద్యార్థి తన పేరుతోనే ఎలా తెరవాలి, రికవరీ కీ ఎక్కడ దొరుకుతుంది అన్నవి అందులో తెలుగులో రాసి ఉండాలి. కాలేజీలకు ఇది ఒక పూట పని. ల్యాప్‌టాప్ కొనడానికి ముందే ఆ పేజీ తల్లిదండ్రుల చేతికి అందాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత అధ్యాపకుడు,
ఒంగోలు